ఎడ్లగుండు

"మా ఊర్ల గూడ ఉన్నయి మేడమ్."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని విజయశ్రీకి తెలిసేసరికి తరగతిలో అందరూ వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నారు. చేరి రెండు నెలలు దాటింది. హాజరు పిలిచినప్పుడు తప్ప ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు. చైతన్యపురిలో మెట్రో స్టేషను వెనక సందులో ఉన్న ఆ స్కూల్లో ఆదివారం పూట ఓపెన్ పదో తరగతి పాఠాలు చెబుతారు. చదువు నడిమధ్యలో తెగిపోయినవాళ్ళంతా అక్కడ చేరతారు. విజయశ్రీ ఎప్పుడూ ఆఖరి బెంచీలో, తలుపు పక్కనే కూర్చుంటుంది. ఒళ్ళో ఉన్న ఏడాదిన్నర తేజస్విని ఏడుపు అందుకుంటే చప్పున బయటికి పోవడానికి అదే వీలు.

బోర్డు మీద ఉదయలక్ష్మి మేడమ్ చేతిలో సుద్దముక్క ఆగింది. పుస్తకంలో ఉన్న ఆదిమానవుల గుహ బొమ్మను చూసి ఆమె అప్పటిదాకా ఒక ఎద్దును దించుతోంది.

"ఏమున్నాయమ్మా మీ ఊళ్ళో?"

"గవే మేడమ్. ఎడ్లు. రాతిగుండు మీద."

ముందు బెంచీలో జగన్ ఈల వేసినట్టు నవ్వాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాడు. నోటికి తాళం లేదు. "మా ఊర్ల డైనోసార్ ఉండె మేడమ్. మా తాత దాన్ని కట్టి నాగలి దున్నిండు."

తరగతి గొల్లుమంది. విజయశ్రీ ఒళ్ళోని పిల్ల నెత్తిన టోపీ సర్దుతున్నట్టు తల దించుకుంది. అనవసరంగా నోరు తెరిచాను, ఇంకెన్నడూ తెరవను అనుకుంటుండగా బోర్డు దగ్గరి నుంచి మళ్ళీ అదే గొంతు వినబడింది.

"ఎలా ఉంటాయి? చూపించు."

మేడమ్ నవ్వడం లేదు. విజయశ్రీ పిల్లను ఎడమ చంకలోకి మార్చి లేచి నిలబడింది. కుడిచెయ్యి దానంతట అదే గాల్లోకి లేచింది.

"మూపురం గింత ఎత్తుంటది మేడమ్. తల మాత్రం చిన్నది, పిడికిలంత. కొమ్ములు ఇట్ల పోయి, మల్ల ఇట్ల తిరుగుతయి. కాళ్ళు కిందిదాంక లేవు. ఎద్దు ఎనక మనుషులు చేతులు చేతులు పట్టుకొని వరసగుంటరు. అంత ఒక్కటే రంగు. జాజు రంగు."

"జాజు అంటే?"

"ఎర్రమన్ను మేడమ్. మా దిక్కు గడపలకు, అరుగులకు పూస్తరు. గది."

ఉదయలక్ష్మి మేడమ్ సుద్దముక్క పక్కన పెట్టి బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది. ఆమెది గుంటూరు వైపు. గట్టిగా మాట్లాడినా చివర్లో మెత్తబడే గొంతు. ఇప్పుడా గొంతు ఇంకా తగ్గింది. "మూపురం ఎత్తు, తల చిన్నది. ఈ పుస్తకంలో ఎద్దుకి మూపురమే లేదు. అంటే నువ్వు చెప్పేది ఇందులో చూసి చెప్పేది కాదు. ఎప్పుడు చూశావమ్మా?"

"చిన్నప్పుడు. కట్టెలకు పోయినప్పుడు ఆడ నీడకు కూసుంటుంటిమి. ఎడ్లగుండు అంటరు దాన్ని."

జగన్ అప్పటికే ఫోను తీశాడు. "అక్కోళ్ళ ఊరు సోమలగూడెం అని కొడితే ఏం ఒస్తలేదు మేడమ్. గసొంటిది ఉంటే నెట్‌ల రాదా?"

"నెట్‌లో లేకపోతే లేనట్టేనా? మీ అమ్మ ఉందా నెట్‌లో?"

ఈసారి నవ్వు జగన్ వైపు తిరిగింది. మేడమ్ మాత్రం ఆ నవ్వులో కలవలేదు. విజయశ్రీ ముందు నిలబడి, చిన్నపిల్ల తాయిలం అడిగినట్టు అడిగింది. "నాకు చూపిస్తావా?"

విజయశ్రీ తల ఊపింది. ఊపాక భయం వేసింది.

"అయితే వచ్చే ఆదివారం క్లాసు మీ ఊళ్ళోనే. రాగలిగినవాళ్ళు రండి."

"అక్కా, ఎడ్లు లేకుంటె మాకు కోడికూర పెట్టాలె మల్ల," అన్నాడు జగన్.

"ఉంటయి," అంది విజయశ్రీ. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది ఆ మాట.

*

శ్రీనివాస్ స్కూలు పిల్లల్ని దింపే టెంపో నడుపుతాడు. అన్నం తింటూ సంగతంతా విన్నాడు. ముద్ద కలుపుతున్న చెయ్యి మధ్యలో ఒకసారి ఆగింది.

"ఐదేండ్లాయె నేను మీ ఊరికి అల్లుడయి. ఎడ్లగుండు కాడ మీ అన్నతోని కల్లు గూడ తాగిన. నాకు ఒక్క ఎద్దు అవుపడలే."

"కల్లు తాగినోనికి ఎడ్లేం అవుపడతయి?"

"తాగకముందు గూడ సూసిన."

"నువ్వు సూసింది బయటికెల్లి. లోపటి గోడకు ఉన్నయి."

"సరే, ఉన్నయే అనుకో. గింతమందిని ఎంటేసుకొని పోతివి, ఆడ గోడ మీద ఏం లేకపాయె. అప్పుడేం చేస్తవ్?"

విజయశ్రీ పప్పు గిన్నె అతని ముందుకు జరిపింది.  ఎడ్లు లేకపోతే ఆ తరగతి మెట్లు మళ్ళీ ఎక్కలేనని ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆఖరి బెంచీలో ఎవరికీ పట్టని మనిషిగా ఉండటం ఒకటి, అబద్ధాల కోరుగా కూర్చోవడం ఇంకొకటి.

శ్రీనివాస్ ఆమె ముఖం చూసి చెయ్యి కడుక్కున్నాడు. "ఆదివారం బండి ఖాళీనే. డీజిల్ మంచిగ కొట్టిస్త తియ్. గంత పరేషాన్ ఎందుకు?"

ఆమె అప్పటికప్పుడే అన్నకు ఫోన్ కలిపింది. మట్టయ్య ఊళ్ళోనే ట్రాక్టరు పెట్టుకుని బతుకుతున్నాడు. చెల్లెలంటే ప్రాణం.

"అన్నా, ఆదివారం మా మేడమ్ ఒస్తుంది మనూరికి. ఇంకో పదిమంది ఒస్తరు. ఎడ్లగుండు సూడనీకి."

"ఎడ్లగుండా? గాడ ఏముందే సూడనీకి?"

"గా బొమ్మలున్నయి గదా. ఉన్నయి గదనే?"

"ఎర్రయా? ఉన్నట్టున్నయి. మాసిపోయినయి మల్ల."

ఉన్నట్టున్నయి. ఆ ఒక్క మాటకే ఆమెకు పెద్ద బరువు దిగినట్టయింది. "అన్నా, వాళ్ళు బాగ సదువుకున్నోళ్ళు. తోవల ముండ్లు కొట్టియ్యి. గుండు కాడ గూడ జర మంచిగ చేయించు. నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

"నువ్వు రంది పెట్టుకోకు సెల్లె. నీ ఇజ్జత్ నా ఇజ్జత్ వేరా? మంత్రి ఒచ్చినట్టు చేయిస్త."

*

దిల్‌సుఖ్‌నగర్ బట్టల కొట్ల నుంచి చీరలు తెచ్చుకుని విజయశ్రీ ఇంట్లోనే ఫాల్స్ కుడుతుంది. ఆ వారం సూది నడిచిందే గాని మనసు దాని వెంట నడవలేదు. మూపురం ఎడమవైపా, కుడివైపా? ఎద్దు చూస్తున్నది పొద్దు పొడిచే దిక్కా, ఊరి దిక్కా? పిల్లను నిద్రపుచ్చి, నల్లటి లైనింగు గుడ్డ నేల మీద పరిచి, కొలతలు గీసే సుద్దతో బొమ్మ వేసి చూసింది. మూపురం వచ్చింది. కొమ్ములు వచ్చాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎంతమందో గుర్తు రాలేదు. గుడ్డ దులిపి మళ్ళీ గీసింది. మూడోసారి గీసేసరికి నేను చూసిందే గీస్తున్నానా, కల్పించి గీస్తున్నానా అని అనుమానం వచ్చింది. గుడ్డను బకెట్లో వేసి ఉతికేసింది.

పిల్ల సంగతి ఇంకో దిగులు. గుట్ట మీద తేనెటీగలుంటాయేమో. ఎండ తగిలితే వాంతులవుతాయేమో. శివరాత్రి పోయి ఎక్కువ రోజులు కాలేదు, ఎండలు ఇంకా ముదరనే లేదు. అయినా కోఠి బస్సెక్కి పోయి అంచు వెడల్పుగా ఉన్న టోపీ కొనుక్కొచ్చింది. మందుల దుకాణంలో నీళ్ళలో కలిపే పొడి, దోమలకు పూసే మందు, జ్వరం చూసే మీటరు తీసుకుంది.

"గుట్టకు పోతున్నమా, హిమాలయాలకా?" అన్నాడు శ్రీనివాస్ సంచీ చూసి.

"నీకేం ఎరుక? పోయినసారి పండుగకు పోతె పిల్లకు ఒళ్ళంత దద్దులొచ్చినయి."

"దద్దులొచ్చింది మీ అన్న పెట్టిన చాక్లెట్లకు."

శుక్రవారం మట్టయ్య తానే ఫోన్ చేశాడు. వెనక మనుషులు పిలుచుకుంటున్న గోల. "పని జోరుగ నడుస్తుంది సెల్లె. నల్గురు కూలోళ్ళను పెట్టిన. నువ్వొచ్చి సూస్తె మురుస్తవ్."

"గంత పనేముంది అన్నా?"

"ఉన్నది. నువ్వైతే రా."

ముళ్ళు బాగా పెరిగి ఉంటాయి పాపం అనుకుంది విజయశ్రీ. 

ఆదివారం టెంపో కదిలేసరికి ఆమెలో దిగులు ఎటు పోయిందో పోయింది. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కగానే గాలి కిటికీల్లోంచి దూసుకొచ్చింది. ఎన్నడూ లేనిది, ఆమె మేడమ్ పక్కనే ముందు సీట్లో కూర్చుంది. మేడమ్ ఒళ్ళో తేజస్విని కూర్చుంది. కొత్తవాళ్ళు ముట్టుకుంటే చాలు ఇల్లెగిరేలా ఏడ్చే పిల్ల, మేడమ్ మెడలోని నల్లపూసలు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తోంది.

"నాకు రాత్రి నిద్ర పట్టలేదు విజయశ్రీ. ఇరవయ్యేళ్ళ నుంచీ ఆ పాఠం చెబుతున్నాను. ఒక్కసారి కూడా కంటితో చూడలేదు, తెలుసా?"

"మీరు చూడలేదా మేడమ్?"

"ఎక్కడమ్మా. పుస్తకంలో బొమ్మ, బోర్డు మీద బొమ్మ. అంతే."

పెద్ద అంబర్‌పేట దాటుతుంటే వెనకనుంచి జగన్ అరిచాడు. "బావా, జర సైడుకు ఆపు. చాయ్ తాగుదం."

"బావెవడ్రా నీకు?" అన్నాడు శ్రీనివాస్ అద్దంలోంచి.

"అక్క మొగుడు బావనే గద."

"ఎడ్లు లేకుంటె కోడికూర అడిగినవంట గద. లేకుంటె నిన్నే కోస్త."

బండంతా నవ్వింది. విజయశ్రీ కూడా నవ్వింది. ఏడెనిమిదిమంది పెద్ద మనుషులు తను చెప్పిన ఒక్క మాటను పట్టుకుని, ఆదివారం పొద్దునే లేచి, పులిహోర డబ్బాలు కట్టుకుని తన వెంట వస్తున్నారు. పెళ్ళిరోజున కూడా ఆమెకు ఇంత సంబరం లేదు. అప్పుడు తీసుకుపోతుంటే పోయింది. ఇప్పుడు తనే తీసుకుపోతోంది.

*

సోమలగూడెం దాటి గుట్ట మొదట్లో బండి ఆగింది. మట్టయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన కొత్త తువ్వాలతో ఎదురొచ్చాడు. ముందు మేనకోడల్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాడు. తర్వాత మేడమ్‌కు రెండు చేతులూ జోడించాడు.

"మీ అసుంటోళ్ళు మా ఊరికొచ్చుడే గొప్ప మేడమ్. నడువుర్రి, తోవంత సాఫ్‌గ ఉన్నది."

నిజంగానే సాఫ్‌గా ఉంది. ముళ్ళకంపలు కొట్టి పక్కకు తోశారు. బాటకు రెండు పక్కలా సున్నప్పొడితో తెల్లటి గీతలు గీశారు, మంత్రులొచ్చినప్పుడు రోడ్డుకు గీసినట్టు. విజయశ్రీ గర్వంగా జగన్ వైపు చూసింది. మోదుగులు విరగబూశాయి. నడుస్తుంటే కాళ్ళ కింద ఎండుటాకులు గలగలమంటున్నాయి. ఆమెకు ఇంక నడవాలని లేదు, ఉరకాలని ఉంది. పిల్లను శ్రీనివాస్‌కు ఇచ్చి, "ఇటు మేడమ్, ఈ బండ దాటితె ఒచ్చినట్టే," అంటూ ముందుకు పోయింది.

తెల్లటి గీతలు బండ ఎక్కాయి. బండ మలుపు తిరిగాయి. విజయశ్రీ కూడా తిరిగింది.

పడగలా ముందుకు వంగిన ఎడ్లగుండు లోపలి గోడ, కింది నుంచి మనిషి చెయ్యి అందేంత మేర, పెళ్ళింటి గోడలా తెల్లగా మెరుస్తోంది. అంచుల వెంట జాజు పట్టీలు. నట్టనడుమ ఎదురెదురుగా రెండు పెద్ద ఎడ్లు. నీలం రంగు కొమ్ములు, మెడలో పసుపు గంటలు, నుదుట కుంకుమ బొట్లు. వాటి మీద వంపుగా పెద్ద అక్షరాల్లో 'స్వాగతం' అని రాసి ఉంది. ఆయిల్ పెయింటు వాసన ఇంకా పోలేదు.

ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు.  జగన్ నవ్వబోయి, విజయశ్రీ ముఖం చూసి మానుకున్నాడు.

"పాతయి మాసిపోయినయి సెల్లె," అన్నాడు మట్టయ్య మెరిసే కళ్ళతో. "ఎద్దెక్కడుందో, మనిషెక్కడుందో తెలుస్తలేదు. సున్నం రెండు కోట్లు ఏయించి, సౌటుప్పల్ కెల్లి పెయింటర్‌ను పిలిపిచ్చిన. మంచిగ గీసిండు గద?"

ఉదయలక్ష్మి మేడమ్ గోడ దగ్గరికి నడిచింది. వేలి కొనతో సున్నాన్ని ముట్టింది. వేలికి తెల్లగా, తడిగా అంటింది.

"ఎప్పుడు వేశారు?"

"నిన్ననే అయిపోయింది మేడమ్. జర పచ్చిగ ఉన్నది, ముట్టకుర్రి, చీరకంటుతది."

"వేసేముందు ఫోటో ఏమైనా తీశారా?"

"పాత గోడకు ఫొటో ఎందుకు మేడమ్?"

మేడమ్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఎక్కడైనా ఒక గీత మిగిలిందేమోనని గోడంతా వెతికింది. ఆ వెతుకులాటే విజయశ్రీని కోసేసింది.

"నేను ముండ్లు కొట్టియ్యమన్న," అంది అన్నతో.  "గుండుకు సున్నం ఏయమన్ననా నీకు?"

మట్టయ్యకు అర్థం కాలేదు. చెల్లెలి వైపు, మేడమ్ వైపు, గోడ వైపు చూశాడు. "పెద్దమనుషులొస్తుంటె పాత గోడ సూపిస్తరానే ఎవరన్న? నీ పెండ్లికి ఇంటికి ఏయలేదా? నీకు పేరు రావాల్నని..." అతని మాట అక్కడే ఆగిపోయింది. చుట్టూ ఉన్న ముఖాల్లో తను చేసింది మెల్లగా కనబడసాగింది. "పాతయి నేను ఖరాబ్ చెయ్యలే మేడమ్. సున్నం కిందనే ఉన్నయి. కడగమంటె ఇప్పుడే ట్యాంకర్ తెప్పిస్త, పైపు పెట్టి కొడితె..."

"వద్దు." మేడమ్ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "వద్దు బాబూ, దండం పెడతాను. నీళ్ళు కొట్టొద్దు, గీకొద్దు. దాన్నలా వదిలెయ్యండి. తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి చూడాలి." తర్వాత విజయశ్రీ భుజం మీద చెయ్యి వేసింది. "బాధపడకమ్మా. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను."

నమ్ముతున్నాను. జాలిపడి అన్న మాట అది. చూసినవాళ్ళు అనే మాట కాదు.

"సరే, ముందు తిందం. ఆకలితోని బుర్రలు పనిచేస్తలేవు," అని శ్రీనివాస్ అందర్నీ చెట్టు నీడకు తోలుకుపోయాడు. పోతూ పోతూ జగన్ చెవిలో ఏదో అన్నాడు. జగన్ తలొంచుకుని విస్తళ్ళు పరచసాగాడు. మట్టయ్య మాత్రం రాలేదు. దూరంగా, గుండు వెనకవైపు ఒక రాయి మీద అటు తిరిగి కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న సున్నం పుల్లతో గీక్కుంటున్నాడు.

*

తేజస్వినికి అప్పుడే పాలు కావాల్సి వచ్చింది. ఏడుపు రాగం పెంచింది. చెట్టు కింద అందరూ ఉన్నారు. విజయశ్రీ పిల్లను ఎత్తుకుని గుండు చుట్టూ తిరిగి వెనకవైపు పోయింది. అక్కడ గుండుకూ నేలకూ మధ్య మోకాలెత్తు సందు ఒకటి ఉంది. లోపల చల్లగా ఉన్నట్టుంది. ఎవరి కంటా పడకుండా ఏడవడానికి కూడా అదే చోటు.

అలా అని ఆమె ఊరికే దూరలేదు. ముందు రాయి విసిరింది. పొడుగాటి కట్టెతో లోపల కొట్టింది. ఫోను లైటు వేసి తేళ్ళున్నాయేమోనని మూలమూలా చూసింది. దుప్పటి పరిచి, పిల్లను లోపలికి జరిపి, తాను వెనక పాకింది. కూర్చునే ఎత్తు లేదు. పక్కకు తిరిగి పడుకుని పాలిచ్చింది. కన్నీళ్ళు ముక్కు మీదుగా జారి దుప్పటి మీద పడుతుంటే తుడుచుకోలేదు.

అన్న తప్పేముంది? జర మంచిగ చేయించు అన్నది తనే. నా ఇజ్జత్ అన్నది తనే. ఎవరో చూస్తారని, ఏమో అనుకుంటారని పిల్ల ముఖాన పౌడరు అద్దినట్టు గుండు ముఖాన పౌడరు అద్దించింది. ఊరివాళ్ళు మరిచిపోయినా అన్నేళ్ళు నిలిచిన ఎద్దు, తన ఒక్క ఫోనుతో పోయింది. ఇంక తరగతిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఉండె అని చెప్పాలి. జగన్ తాత డైనోసార్ కూడా ఉండేదే.

పిల్ల తాగడం ఆపింది. వెల్లకిలా తిరిగి పైకి చూస్తోంది.

"అంబ," అంది.

"ఆఁ, అంబ లేదు గింబ లేదు. తాగు."

"అంబ." తేజస్విని చెయ్యి ఎత్తింది. కప్పు ఎంత కిందికి ఉందంటే, పిల్ల వేళ్ళకూ రాతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. విజయశ్రీ చప్పున ఆ చెయ్యి పట్టుకుంది. పురుగేమైనా ఉందేమోనని ఫోను లైటు పైకి తిప్పింది.

వరసగా పోతున్నాయి. వేలెడంత పొడుగున్నవి కొన్ని, అరచేతంతవి కొన్ని. మూపురాలున్నాయి. పిడికిలి కాదు, చిటికెన గోరంత తలలు. ఒక ఎద్దు మీదనే ఇంకో ఎద్దు గీసి ఉంది, ఇది ముందా అది ముందా తెలియకుండా. ఒకటి తల వెనక్కి తిప్పి చూస్తోంది. దాని వెనక చేతులు చేతులు పట్టుకున్న మనుషులు, వాళ్ళ పక్కన విడిగా ఇంకొకరు. గోడ మీది పాత జాజులా మాసిపోలేదు ఇది. ఎండా వానా తగలక, నిన్ననో మొన్ననో పూసినట్టు ఎర్రగా ఉంది. సున్నం కుంచె ఇటు రాలేదు. ఎవరొస్తారు ఇక్కడికి, బోర్లా పాకి, వెల్లకిలా తిరిగి? గీసినవాళ్ళు మాత్రం ఇట్లాగే, ఇదే రాయి కింద, వీపు నేలకు ఆనించి పడుకుని గీసి ఉండాలి. మోచెయ్యి పెట్టడానికి చోటు ఎక్కడుందో ఆమె ఒంటికే తెలుస్తోంది.

 అరవబోయింది. అరిస్తే అందరూ ఒక్కసారే వస్తారు. దూరుతారు, నెడతారు, తలలు బొమ్మలకు రాసుకుంటాయి. ఆమె నోరు మూసుకుంది. పిల్లను గుండెకు హత్తుకుని ఇంకోసారి చూసింది. ఇంకోసారి చూసింది. ఆ కాసేపు అవి ఆమెవీ, పిల్లవీ మాత్రమే.

తర్వాత పిల్లను అట్లాగే పట్టుకుని సందు అంచుదాకా పాకి, తల బయట పెట్టింది. చెట్టు కింద వాళ్ళను పిలవలేదు. రాయి మీద ఒంటరిగా ఉన్న మనిషిని చూసింది.

"అన్నా. చేతులు కడుక్కొని ఇటు రా."

మట్టయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏమైంది? పాము గిట్ల..."

"పాము లేదు ఏం లేదు. సున్నం పోయేదాంక కడుగు. జల్ది రా."

అతను సీసా నీళ్ళు ఒంపుకుని చేతులు రుద్దుకుని, ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడి పాకాడు. పక్కన వెల్లకిలా పడుకున్నాడు. విజయశ్రీ లైటు పైకి పట్టింది. 

"వానొచ్చినప్పుడల్లా దీంట్లనే దూరుతుంటి," అన్నాడు గుసగుసగా. "ఎప్పుడు బోర్లనే పండుకున్న గని, ఎల్లకిల తిరిగి సూడలే." గాల్లో వేలితో ఒక కొమ్ము వంపు గీసి, "కొమ్ములు గిట్ల ఉన్నయా. నేను పెయింటర్‌కు తప్పు చెప్పిన సెల్లె," అన్నాడు. 

"ఊకో అన్నా."

"సున్నం పాపం నాదే."

"నాది గూడ. పో, మేడమ్‌ను తోలుకరా. ఒక్కదాన్నే."

మేడమ్ చీర కుచ్చిళ్ళు దోపుకుని, మోకాళ్ళ మీద దేక్కుంటూ వచ్చింది. రాతికి నుదురు తగిలి అమ్మా అంది. మట్టయ్య ఖాళీ చేసిన చోట పడుకుంది. కళ్ళద్దాలకు దుమ్ము కొట్టుకుంది. తీసి, తుడిచి, పెట్టుకుని పైకి చూసింది.

 పక్కనున్న విజయశ్రీ చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.  ఇరవయ్యేళ్ళు బోర్డు మీద ఎద్దును గీసిన మేడమ్ చెయ్యి అది.

"మూపురం," అంది మేడమ్.

"అవు మేడమ్."

"చెప్పు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు, నాకు చూపు నిలవట్లేదు."

విజయశ్రీ ముట్టకుండా వేలుతో చూపిస్తూ చెప్పింది. ఇది ముందు పోతున్న ఎద్దు. ఇది దాని మీద గీసింది. ఇది తల తిప్పింది, ఎవరో పిలిచినట్టున్నారు. ఈ మనుషులు ఆడుతున్నారో, చలికి దగ్గర దగ్గరగా నిలబడ్డారో. తరగతిలో రాని మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. తప్పవుతుందేమో అన్న బెదురు కూడా గుర్తు రాలేదు.

"మరి ఆ మూలన, గుండ్రంగా, లోపల గీతలతో ఉన్నదేంటమ్మా?"

విజయశ్రీ లైటు అటు తిప్పింది. వల కావచ్చు, దొడ్డి కావచ్చు, పొద్దు కావచ్చు. తల అటు ఇటు వంచి చూసింది.

"తెల్వదు మేడమ్."

"నాకూ తెలీదు," అంది ఉదయలక్ష్మి మేడమ్.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పడుకుని నవ్వుతుంటే పొట్టలు అదిరాయి. ఎందుకో తెలియకపోయినా తేజస్విని కూడా వాళ్ళతో కలిసి కిలకిలమంది.

బయట అడుగుల చప్పుడు, గుసగుసలు. అందరూ వచ్చేశారు. సందు నోటికి అడ్డంగా గొంతుక్కూర్చున్న మట్టయ్య గొంతు గంభీరంగా వినపడింది. "ఒక్కొక్కలే. సెప్పులిడువుర్రి. పైన ముట్టొద్దు, తల లేపొద్దు. ఫ్లాష్ ఒద్దంటుంది మేడమ్. లోపట మా సెల్లె ఉన్నది, గామె చెప్తది."

"అక్కా," అన్నాడు జగన్, ఎన్నడూ లేనంత మెల్లగా. "నేను రావొచ్చునా?"

విజయశ్రీ పిల్లను పొట్ట మీద పడుకోబెట్టుకుని, రాతి వైపు జరిగి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు చేసింది.

"రా," అంది. "నెత్తి పైలం."